అతివేగ గాలుల తూకం: శ్రీహరికోట సందర్శన

దూర గెలాక్సీల నడిబొడ్డున ఉన్న భారీ కృష్ణబిలాలను ఎక్స్-కిరణాల్లో చూసే ఆస్ట్రోశాట్ 2015 సెప్టెంబరు 28న శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సీ30 మీద కక్ష్యకు చేరింది. సూళ్ళూరుపేట దాటాక పులికాట్ సరస్సును చీల్చుకుంటూ పోయే రోడ్డు ఈ దీవికి దారి. 1971 అక్టోబరులో ఇక్కడ మొదటి రోహిణి రాకెట్ ఎగిరింది. 2002లో ఇక్కడి అంతరిక్ష కేంద్రానికి సతీశ్ ధవన్ పేరు పెట్టారు. 2019లో ప్రజలకు తెరిచిన గ్యాలరీ నుంచి ప్రయోగ వేదికల వైపు చూడవచ్చు. నరసాపురం నుంచి వెళ్ళిన మా బృందం చూపంతా రాకెట్ల మీదే. ఆ రాకెట్లు మోసుకెళ్ళిన పరికరాల పని గురించి అడిగేవారు ఇక్కడ అరుదు.

ఆస్ట్రోశాట్ ఐదు పరికరాల్లో ఒకటైన మృదు ఎక్స్-కిరణ టెలిస్కోపు 0.3 నుంచి 8 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దాకా చూస్తుంది. అతివేగ గాలుల ఆనవాళ్ళు ఈ పరిధి చివర్లో దొరుకుతాయి. కృష్ణబిలం చుట్టూ తిరిగే వేడి పళ్ళెం నుంచి ఎగజిమ్మే వాయువు వేగం సెకనుకు 10,000 కిలోమీటర్లు దాటితే దాన్ని అతివేగ గాలి అంటారు. 2010లో ఫ్రాంచెస్కో తొంబెసి బృందం 42 క్రియాశీల గెలాక్సీలను పరిశీలించగా మూడో వంతుకు పైగా వాటిలో ఇలాంటి గాలులు కనిపించాయి.

పీడీఎస్ 456 అనే క్వేజార్, అంటే చాలా ప్రకాశవంతమైన క్రియాశీల గెలాక్సీ, వీటికి పేరుపడ్డ ఉదాహరణ. దాని గాలి వేగం కాంతి వేగంలో దాదాపు పావు వంతు. ఒక్క ఎలక్ట్రానే మిగిలిన ఇనుప అయాను 6.97 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల కాంతిని మింగుతుంది. గాలి మనవైపు వస్తున్నందున ఆ గెలాక్సీ లెక్కలో ఈ రేఖ 9.0 దగ్గరికి జరుగుతుంది. విశ్వవ్యాకోచం మళ్ళీ కిందికి లాగాక భూమి దగ్గర 7.6గా కనిపిస్తుంది. సాపేక్షతను వదిలి మామూలు డాప్లర్ సూత్రం వాడితే అదే 9.0 నుంచి వేగం 0.29 వంతు అని తప్పుగా తేలుతుంది. వేగానికి సంబంధించిన ఈ సవరణను ఎవరూ మరచిపోరు. మరచిపోయేది రెండోది, వాయువుకు అందే వెలుగుకు సంబంధించినది.

నరసాపురం రేవులో పంటు ఎక్కి సఖినేటిపల్లి వైపు వెళుతుంటే, వెనక లాంచీ లేపిన అలల్లో ఒడ్డుకు కొట్టినన్ని పంటుకు తగలవు. కృష్ణబిలం నుంచి పారిపోయే వాయువుకూ అదే జరుగుతుంది: పావు వంతు వేగంలో నాలుగు అలలకు మూడే అందాలి. కానీ వాయువుతో పాటు కదిలే గడియారం 3 శాతం నెమ్మదిగా నడుస్తుంది కనుక, దాని లెక్కలో 0.75 కాస్తా 0.775 అవుతుంది. ఒక్కో ఫోటాన్ శక్తి ఇంత మేరకు తగ్గుతుంది, సెకనుకు వచ్చే ఫోటాన్ల సంఖ్యా అంతే తగ్గుతుంది. రెండూ గుణిస్తే వాయువుకు అందే కాంతి శక్తి సుమారు 60 శాతమే.

ఆ వెలుగులో వాయువు తక్కువ మింగుతుంది, కదలకుండా ఉన్నప్పటికంటే పారదర్శకంగా కనిపిస్తుంది. నమూనాలో దీన్ని చేర్చకపోతే, రేఖ లోతును బట్టి వాయువు తక్కువే ఉందని పొరబడతాం. అసలు ద్రవ్యరాశి అంతకంటే ఎక్కువ. 2020లో ఆల్ఫ్రెడో లుమినారి బృందం ఎత్తి చూపింది ఇదే: వేగం కాంతి వేగంలో కొన్ని శాతం దాటితే ఈ సవరణను వదలడానికి వీల్లేదు.

గాలి మోసుకెళ్ళే శక్తి దాని ద్రవ్యంతో నేరుగానూ, వేగం ఘనంతోనూ పెరుగుతుంది. క్వేజార్ వెలుగులో కొన్ని శాతం గాలి రూపంలో బయటికి చేరినా చాలు, గెలాక్సీలో నక్షత్రాలు పుట్టే వాయువును చెదరగొట్టగలదని అంచనా. అందుకే తూకంలో తేడా వస్తే గెలాక్సీ పెరుగుదల కథే మారిపోతుంది.

ఈ విషయంలో ఆస్ట్రోశాట్‌కు పరిమితులున్నాయి. దాని మృదు ఎక్స్-కిరణ టెలిస్కోపు రేఖలను సుమారు 150 ఎలక్ట్రాన్ వోల్టుల తేడాతోనే విడదీస్తుంది. 2023 సెప్టెంబరులో జపాన్ పంపిన క్రిజమ్ ఉపగ్రహం మీది రిజాల్వ్ పరికరానికి ఆ తేడా ఐదు దగ్గర ఉంటుంది. ఒకే గాలి అనుకున్న పీడీఎస్ 456 ప్రవాహం నిజానికి ఐదు వేర్వేరు వేగాల ముద్దలని, వాటి వేగాలు కాంతి వేగంలో 0.2 నుంచి 0.3 వంతుల మధ్య ఉన్నాయని రిజాల్వ్ పరిశీలనలు 2025లో చూపాయి. ఇకపై సాపేక్షతా సవరణను ఒక్కో ముద్దకు దాని వేగాన్ని బట్టి విడిగా చేయాల్సిందే.