మామగారి సలహా

నిర్గమకాండం 18వ అధ్యాయం మళ్లీ చదివాను. పుట్టింట్లో ఉన్న మోషే భార్య సిప్పోరాను, ఇద్దరు కొడుకుల్ని వెంటబెట్టుకుని మామ యిత్రోనే ఎడారికి వచ్చాడు. మోషే ఎదురెళ్లి మామకు నమస్కరించి ముద్దుపెట్టుకున్నాడని ఉంది గానీ, భార్యాబిడ్డల్ని పలకరించిన ఊసు లేదు! మర్నాడు పొద్దున్నుంచి సాయంత్రం దాకా జనం తగవులు తీర్చడమే. ఇలాగైతే నువ్వూ నలిగిపోతావు, జనమూ నలిగిపోతారన్నాడు పెద్దాయన. వెయ్యిమందికి, వందమందికి, యాభైమందికి, పదిమందికి పెద్దల్ని పెట్టి, కష్టమైనవే నీ దగ్గరికి రానివ్వమన్నాడు. మోషే మారుమాట లేకుండా విన్నాడు. అల్లుడు మామ మాట వినడం, అదీ తన ఉద్యోగం సంగతిలో! ఎర్రసముద్రం పాయలైనదానికంటే నాకిదే పెద్ద అద్భుతం.

ఆదివారం కూడా ల్యాప్‌టాప్ మూయని మా ఇంటాయనకు ఈ అధ్యాయం వాట్సాప్‌లో పంపాను. ‘మీటింగ్‌లో ఉన్నా’ అని జవాబొచ్చింది. పక్కగదిలోంచే.