కీబోర్డు మీది క్రిములు

మొన్నొకనాడు చక్కెర వ్యాధి రోగి కాలిపుండుకు కట్టు విప్పి చూసి, గ్లౌజులతోనే వచ్చి వార్డు కంప్యూటరు ముందు కూర్చున్నాను. "సార్, గ్లౌజులు!" అంది హెడ్ నర్సు. సర్వీసంతా పిల్ల డాక్టర్లకు శుభ్రత బోధించిన నాకు సిగ్గేసింది. నా తరువాత ఆ మీటలు నొక్కబోయే సిస్టరు నేరుగా వెళ్లేది సిజేరియను కుట్లున్న బాలింత దగ్గరికి!

స్టెతస్కోపు తుడుస్తాం, మంచాలు తుడిపిస్తాం. కీబోర్డుకు మాత్రం దుమ్ము దులిపితే చాలనుకుంటాం. పుండ్లకు చీము పట్టించే స్టాఫిలోకాకస్ క్రిమి పొడి ప్లాస్టిక్ మీద రోజులు, ఒక్కోసారి నెలలు కూడా బతుకుతుంది.

ఇప్పుడు ప్రతి షిఫ్టుకూ స్విచ్ ఆపించి, 70 శాతం ఆల్కహాలుతో తడిపిన గుడ్డతో మీటలు, మౌసు తుడిపిస్తున్నాను. నేరుగా చల్లకూడదు, తడి లోపలికి దిగితే యంత్రం పాడవుతుంది. తుడిచాక దానంతట అదే ఆరాలి. వెంటనే పొడిగుడ్డ పెడితే క్రిమి చావదు. అయితే విరేచనాలు పట్టించే క్లాస్ట్రిడియం డిఫిసిల్ బీజాలు ఆల్కహాలుకు లొంగవు. అటువంటి రోగి ఉన్న వార్డులో బ్లీచింగు వంటి క్లోరిన్ మందు కావాలి, చేతులకు సబ్బూ నీళ్లూ కావాలి.

ఎంత తుడిచినా మరుక్షణం ఇంకో చెయ్యి పడుతుంది. అందుకే కంప్యూటరు దగ్గరినుంచి లేచి మీ మంచం దగ్గరికి వచ్చే డాక్టరును, "చేతులు కడుక్కున్నారా అండీ?" అని మొహమాటపడకుండా అడగండి. మాలో కొందరికి కోపం రావచ్చు. రానివ్వండి.