మోకాటిలోతు సముద్రము

సముద్రమనగానే మన కావ్యములు దానిని అగాధమనియు, అపారమనియు, రత్నాకరమనియు కొనియాడుచుండును. ఆ యగాధమునకొక యంచు గలదు. పసిపిల్లలు కాళ్లు తడుపుకొను చోటది. లోతు మోకాటికి మించదు. కావ్యములలో ఆ యంచునకు చోటు తక్కువ. చేపల బ్రతుకులోనన్ననో చోటు మిక్కిలి యెక్కువ. బాపట్లనుండి రేపల్లె సీమవరకు గల తీరమున ఆ నీటియంచును, అచ్చట గాలమువేయువారిని, వలలాగువారిని చూచి వచ్చితిమి. చూచిన సంగతులలో గృహిణులకు పనికివచ్చునవి గొన్ని యుండుటచే సోదరీమణులకు విన్నవించుచున్నాము.

మా కాపురము తెనాలిలో. ఊరి నడుమ మూడు కాలువలు పారుచుండును. అవి విజయవాడకడ కృష్ణనుండి చీలివచ్చిన నీళ్లు. పొలములను తడిపి, మిగిలినవి మురుగుకాలువలలో పడి, బాపట్ల, రేపల్లె ప్రాంతముల మీదుగా తుదకు సముద్రమునే చేరును. కనుక మేము పోయినది పరాయిచోటు గాదు. మా వాకిటి నీరు పోవుచోటికే పోయితిమి.

కార్తిక పౌర్ణమినాడు బాపట్లకు తొమ్మిది కిలోమీటర్ల దూరముననున్న సూర్యలంకకు సముద్రస్నానమునకై వేలకొలది జనులు వత్తురు. ఆ సందడి తగ్గిన పిమ్మట, విదియనాడు, మేము తెల్లవారకముందే రైలెక్కి బాపట్లలో దిగితిమి. ఊరికి పేరిచ్చిన భావనారాయణస్వామిని సేవించుకొని, ఆటోలో తీరమునకు పోయితిమి. దారిపొడవున సరుగుడుతోటలు, వాని హోరు విన్నచో సముద్రము ఇంకను రాకముందే వచ్చినట్లు తోచును. ఆ యేడు వాయుగుండములు లేక కడలి నెమ్మదిగా నుండెను. అయినను కొత్తవారు నడుములోతు దాటరాదు. వెనుకకు మరలు నీటిలాగుడు అచ్చట బలమైనది; ఏటేట ప్రాణములు పోవుచున్నవి. పిల్లలతో పోవు తల్లులు ఈ మాట మరువరాదు.

జనులు స్నానముచేయు చోటునకు దూరముగా ఒక పల్లెకారు మోకాటిలోతు నీటిలో నిలిచి గాలము వేయుచుండెను. చేత కఱ్ఱయైనను లేదు. నైలానుదారము, దాని చివర ఒక సీసపుగుండు, దానికి జానెడు పైని ఒక ముల్లు, ముల్లునకు రొయ్య యెర. దారమును తలచుట్టు రెండుమారులు త్రిప్పి విసరగా గుండు అల విరుగుచోటికి ఇవతలనే పడెను. ఇంకను లోపలికి విసరవలదా యని మావారడుగగా అతడు నవ్వి యిట్లనెను:

"అందరూ చేప లోపలెక్కడో ఉందనుకుంటారండీ అయ్యగారూ. పోటు ఎక్కేటప్పుడు మన కాళ్లకాడికే వస్తాది. దాన్ని దాటి గాలం ఏస్తే మనకి దక్కేది ఉప్పునీళ్లే."

ఇందలి మర్మము గ్రహింపదగినది. సముద్రపుటడుగు ఒక్కతీరున నుండదు. అలలు విరిగి విరిగి ఒడ్డునకు సాటిగా ఇసుకతిన్నెలను, తిన్నెల నడుమ కాలువలవంటి పల్లములను ఏర్పరచును. అల వచ్చినప్పుడెల్ల ఇసుకలో దాగిన చిన్నపీతలును, పురుగులును పైకి లేచును. వానికై పరిగెలవంటి చిన్నచేపలు వచ్చును. వానిని వెన్నంటి మాగ, గొరక మొదలగు పెద్దవి వచ్చును. పోటు వచ్చుటయనగా ఆ పల్లములకు తలుపు తీయుట. పాటు వచ్చుటయనగా తలుపు మూయుట. దినమునకు రెండుమారులు ఈ తలుపు తెఱువబడును. ప్రతిదినమును సుమారు 50 నిమిషములు ఆలస్యమగుచుండును. చంద్రునిజూచి సముద్రము పొంగునని కవులు చెప్పినది వట్టి చమత్కారము గాదు. పున్నమకును అమావాస్యకును పిదప ఒకటి రెండు దినములలోనే పోటు మిక్కిలి హెచ్చు. ఆ పల్లెకారు పంచాంగము చూడడు. కాని తిథి తప్పడు.

గంటసేపటిలో అతనికి చిక్కినవి మూడు చేపలు. అందొకటి అరచేయియంత యుండెను. దానిని ముల్లునుండి మెల్లగా తప్పించి నీటిలో విడిచెను. "పెరిగినాక వస్తాదిలే" యని తనలో తాననుకొనెను. ఆ యొక్కమాట మాకు దారిపొడవునను జ్ఞాపకము వచ్చుచుండెను.

ఇట్లు ఒడ్డున నిలిచి ఒంటిగాలముతో చేపపట్టు విద్య లోకమున పలుచోట్ల గలదు. మన తెలుగుబిడ్డలెందరో కాపురముండు సియాటిల్ నగరము అమెరికాకు పడమటిదెసను ప్యూజెట్ సౌండ్ అను ఉప్పునీటి పాయ యొడ్డున నున్నది. ఆ నీటిలో కట్‌త్రోట్ ట్రౌట్ అను చేప గలదు. గొంతుక్రింద కత్తికోతవలె ఎఱ్ఱని చాఱ యుండుటచే దానికాపేరు వచ్చినది. అది చిన్నవాగులలో పుట్టి, పెరిగి, సముద్రమునకు పోవును. పోయియు లోతునకు పోక ఒడ్డువెంటనే తిరిగి, గ్రుడ్లుపెట్టుటకు మరల వాగునకే వచ్చును. అచ్చటివారు గులకరాళ్ల తీరమున మోకాటినీట నిలిచి, ఈకలను దారములను ముల్లునకు చుట్టి చిన్నచేపవలెనో, రొయ్యవలెనో భ్రమింపజేసి, దానిని నీటిపై విసరుదురు. చేప చిక్కినను ఇంటికి తీసికొనిపోరాదు. ఆ ఉప్పునీట పట్టిన కట్‌త్రోట్‌ను తిరిగి విడువవలెనని వాషింగ్టన్ రాష్ట్రపు నియమము. వాగును సముద్రమును రెంటిని నమ్ముకొన్న చేపకు రెండుచోట్లను అపాయమే గనుక ఈ కాపుదల. మన పల్లెకారు ఏ నియమమును చదువకయే చిన్నదానిని విడిచిపెట్టెను.

గాలము ఒక్కచేపను పట్టును. వల ఊరిని పోషించును. సూర్యలంకకు కొంతదూరమున అలివివల లాగుట చూచితిమి. పడవమీద వలను అర్ధచంద్రాకారముగా నీటిలో దింపి, రెండుకొనల త్రాళ్లను ఒడ్డుననుండి ఇరుజట్లు లాగుదురు. ఒక్కొక్కజట్టున పదిపదునైదుగురు, పాదములు ఇసుకలో గ్రుచ్చి, ఒకే లయతో వెనుకకు నడుతురు. వలసంచి ఒడ్డుచేరగనే స్త్రీలు గంపలతో మూగుదురు. నెత్తళ్లు, కవళ్లు, రొయ్యలు, పీతలు వేఱువేఱుగ ఏఱుట వారిపని. కన్ను చిన్నదైన వలలో వ్రేలెడు పిల్లచేపలును కుప్పలుగా వచ్చుచున్నవి. వానికి ధర లేదు. ఎండబెట్టి కోళ్లమేతకు అమ్ముదురట. పోటుతలుపు తెఱచినప్పుడు మేతకు వచ్చినవి పెద్దచేపలు మాత్రమే గావు. లోతునకు వెఱచి దాగవచ్చిన పిల్లలును గలవని అప్పుడు తెలిసినది. మోకాటిలోతు సముద్రము చేపలకు ఉయ్యాల.

ఈ యుయ్యాల యొక్క రెండవకొన కృష్ణ సముద్రమున గలియుచోట నున్నది. దానిని చూచుటకై మాఘమాసమున రేపల్లెకు పోయితిమి. తెనాలినుండి రేపల్లెకు రైలుదారి గలదు. వేమూరు దాటినపిదప భట్టిప్రోలు వచ్చును. బుద్ధధాతువులుంచిన భరిణెలమీద ప్రాచీనమగు బ్రాహ్మీలిపి శాసనములు 1892లో దొరకినది అచ్చటనే. రేపల్లెతో రైలు ఆగిపోవును. అటుపైని నిజాంపట్టణమునకు బస్సుమీద పోవలెను. ఇప్పుడది చేపలరేవు. ఒకప్పుడు పెట్టపోలియని పరదేశీయులు పిలిచిన పెద్దరేవది. 1606లో డచ్చివారును, 1611లో గ్లోబ్ అను ఓడలో ఇంగ్లీషువారును ఆ తీరమునకే వర్తకమునకు వచ్చిరి. వారు కోరినది మన అద్దకపు వస్త్రములను. నేడు అదేచోట మరపడవలు వరుసదీరి యున్నవి. మంచుపెట్టెలకును లారీలకును మధ్య నడచుటకు త్రోవలేదు.

రేవునకు తూర్పుగా కృష్ణముఖమువరకు మడ అడవులు గలవు. తెల్లమడ, నల్లమడ, తిల్ల మొదలగు చెట్లు ఉప్పునీటిలోనే పెరుగును. మడచెట్టు వేళ్లు మేకులవలె బురదనుండి పైకి వచ్చి గాలి పీల్చుకొనును. 1977 నవంబరు 19వ తేదీనాటి ఉప్పెన దివిసీమను ముంచి సుమారు 10,000 ప్రాణములు గొన్నది. అట్టి అలల వేగమును కొంతయైనను విఱుచునవి ఈ చెట్లే. ఆ వేళ్లసందులలోనే రొయ్యపిల్లలు, చేపపిల్లలు పెద్దచేపల నోటబడక పెరుగును.

పండుగప్ప కథ ఇచ్చటనే వింటిమి. కట్‌త్రోట్ వాగున పుట్టి కడలికి పోవును. పండుగప్ప కడలియంచున పుట్టి, పోటుతో మడకాలువలలోనికి వచ్చి పెరిగి, గ్రుడ్లుపెట్టుటకు తిరిగి నదీముఖమునకు పోవును. దానియందొక వింతగలదు. అది మొదట మగచేపగా ఎదిగి, కొన్నియేండ్లకు పెద్దదై ఆడచేపగా మారును. అనగా నాలుగైదడుగుల పండుగప్ప కనబడెనా, అది ప్రాయికముగా తల్లియే. లక్షలకొలది గ్రుడ్లుపెట్టగల తల్లి. ఆస్ట్రేలియాలో ఈ చేపనే బర్రముండి యందురు. అచ్చటి క్వీన్స్‌లాండులో సముద్రమునను నదులలోను 120 సెంటీమీటర్లు మించినదానిని పట్టినచో విడిచిపెట్టవలెను. పిల్లను విడుచుట లోకమున పలుచోట్ల గలదు. తల్లిని విడుచుటయు అంత ముఖ్యమని వారెఱిగిరి.

రేవునొద్ద నీడలో గంపపెట్టుకొని కూర్చున్న ఒక ముసలమ్మ మమ్ము పిలిచెను. మా యింట చేపవండు ఆచారము లేదు. ఆ మాటే చెప్పితిమి. "కొనకపోతే పోనీలే అమ్మగారూ, కూకోండి, ఎండగా ఉంది" యని గోనెపట్టా పఱచెను. ఆమెచెంత అరచేయియంత పండుగప్పపిల్లలు పది యుండెను. ఇంత చిన్నవానిని పట్టుట న్యాయమా యని అడిగితిమి. ఆమె కోపగింపలేదు.

"న్యాయమేనా అంటే కాదు తల్లీ. కానీ నా మనవడు ఇయ్యి తెచ్చాడు, నేను అమ్ముతున్నాను. ఎందుకు తెచ్చాడు? 'లేతది, మెత్తగా ఉంటాది, చవగ్గా ఇయ్యి' అని రేపల్లెలో ఇల్లాళ్లు అడుగుతారు. అడిగేవాళ్లు లేకపోతే ఆడు వలకన్ను పెద్దది కట్టుకోడూ? రెండు నెలలు సర్కారోళ్లు ఏట ఆపితే మేం ఆగట్లా?"

ఆమె చెప్పిన రెండునెలలనగా ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు. చేపలు గ్రుడ్లుపెట్టుకాలమని తూర్పుతీరమున మరపడవలతో వేట ఏటేట నిషేధింపబడుచున్నది. ఆ దినములలో జాలరియింటి పొయ్యి మండుట కష్టము. మగవారు వలలు బాగుచేసికొందురు. ఆడువారు ముందు ఎండబెట్టిన చేపలనమ్మి ఇల్లు గడుపుదురు. పస్తుండి సముద్రమును కాపాడువారు వారు. కడుపునిండిన మన వంటిండ్లవారు ఏమిచేయుచున్నారని ఆ ముసలమ్మ అడుగలేదు. కాని ఆమె మాటలో ఆ ప్రశ్న యున్నది.

సముద్రమునుండి నదికెక్కు చేపలలో మనవారికెల్ల ప్రియమైనది పులస. కడలిలో నున్నప్పుడు విలస. వఱదకాలమున గోదావరి తీపినీట ఎదురీదినపిదప పులస. పుస్తెలమ్మియైనను పులస తినవలెనని సామెత. ఎవరి పుస్తెలో సామెత చెప్పదు! కృష్ణలోను విలస ఎక్కెడిది. 1852లో గోదావరికి ధవళేశ్వరమునను, 1855లో కృష్ణకు విజయవాడయొద్దను ఆనకట్టలు లేచెను. 1957లో కృష్ణపై ప్రకాశం బ్యారేజి వచ్చెను. ఆ నీటితోనే మా తెనాలి పచ్చబడెను. మనమందఱము ఆ యన్నమే తినుచున్నాము. ఆనకట్టలను నిందించుట కృతఘ్నత. కాని చేపకు పైదారి మూయబడినదని యెఱిగినప్పుడు, మిగిలిన క్రిందిదారినైన కాపాడుట న్యాయము గదా. ఆ క్రిందిదారియే ఈ మోకాటిలోతు నీరు, ఈ మడకాలువలు.

భాగవతమున సత్యవ్రతమహారాజు దోసిట నీరుపట్టగా అందొక చిఱుచేప పడినది. నదిలో విడువబోగా, పెద్దచేపలు నన్ను మ్రింగును, కాపాడుమని వేడినది. రాజు దానిని పోషించెను. తుదకా చేపయే ప్రళయజలధిలో అతని నావను నడిపించినది. కథను విని చేతులు జోడించుట మనకు అలవాటు. దోసిటిలోని చిఱుచేపకు చోటిచ్చినవానినే పెద్దచేప గట్టెక్కించెనను నీతిని మాత్రము గుడిలోనే విడిచి వచ్చుచున్నాము.

కాళిదాసు శాకుంతలమున దుష్యంతుని యుంగరమును తెచ్చినవాడును జాలరియే. భటులు అతనిని దొంగయని కట్టితెచ్చిరి. తన కులవృత్తిని పరిహసించినప్పుడు అతడు తలవంపక బదులుచెప్పెను. ఆ జాలరి లేనిచో శకుంతలకు భర్తయు, భరతునకు తండ్రియు దొరకకపోవుదురు. ఇట్టివారిని చేపవాసనయని ఈసడించుట మనకు తగదు. రైలులో గంపతో నెక్కిన స్త్రీకి జరిగి చోటిచ్చుట పెద్దత్యాగమేమియు గాదు.

సోదరీమణులారా! చేపవండు ఇండ్లలో ఏది కొనవలెనో నిర్ణయించునది ప్రాయికముగా ఇల్లాలే. వ్రేలెడు, అరచేయెడు పండుగప్పను, మాగను కొనకుడు. ఎదిగినదానిని కొనుడు, ధర కొంచెము హెచ్చైనను కూర తక్కువగాదు. గ్రుడ్లుగల చేపయే కావలెనని బేరమాడకుడు. వేటనిలిచిన రెండునెలలును దొంగవేట చేపకు ఆశపడక, ఆ స్త్రీలు ముందే ఎండబెట్టిన సరకును కొనుడు. ఆ దినములలో అదియే వారికి జీవనాధారము. పిల్లలను సూర్యలంకకు తీసికొనిపోయినప్పుడు తినినపొట్లములు ఇసుకలో విడువనీయకుడు. తరువాతిపోటు వానిని ఆ ఉయ్యాలలోనికే చేర్చును. వండని మావంటివారికిని పనిలేకపోలేదు. పిల్లల పాఠములలో సముద్రమనగా అగాధమని మాత్రమే చెప్పక, ఈ యంచును గూర్చియు చెప్పుదము. రేవులోని మనవడు వలకన్ను పెద్దది కట్టునట్లు చేయగల శక్తి చట్టమునకెంత గలదో, అంగడిలో "ఇది చిన్నది, వద్దమ్మా" యను ఇల్లాలి మాటకును అంత గలదు.