జూన్‌లో పుట్టిన పిల్లలు

మా నాన్న పుట్టినరోజు జూన్ ఒకటి. బళ్లో వేసిన రోజు పంతులుగారు అలా రాసుకున్నారు. నానమ్మను అడిగితే "దసరా పోయినంక వారానికి" అనేది, ఏ దసరానో చెప్పకుండా. ఎలా చూసినా కాగితం మీద నాన్నకు రెండేళ్లు తగ్గాయి. చివర్లో రెండేళ్ల సర్వీసు కలిసొచ్చింది. రిటైరైన రోజు ఆ పంతులుగారిని తలుచుకుని దణ్ణం పెట్టుకున్నాడు.

హోముల్లో పెరిగిన పిల్లలతో పని మొదలుపెట్టేదాకా ఇది మా ఇంట్లో జోకు. 2019లో హైదరాబాద్‌లో ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో ఔట్‌రీచ్ వర్కర్‌గా చేరాను. పద్దెనిమిది నిండి హోం వదిలినవాళ్లు ఎక్కడున్నారో కనుక్కోవడం, వాళ్ల కాగితాలు కుదర్చడం, ఆఫీసుల్లో వాళ్ల తరఫున మాట్లాడడం నా పని. మొదటిరోజు చేతికిచ్చిన జాబితాలో అరవై మూడు పేర్లున్నాయి. పుట్టిన తేదీలు చూసుకుంటూ పోతే సగానికి పైగా జూనే. ఇంతమంది ఒకే నెలలో ఎలా పుట్టారని అడిగాను. మా సీనియర్ నవ్వలేదు. "బళ్లు తెరిచేది జూన్‌లోనే కదమ్మా" అంది.

రైల్వే స్టేషన్లో దొరికిన పిల్లవాడైనా, అమ్మ పోయాక పక్కింటివాళ్లు తెచ్చి అప్పగించిన పిల్లయినా ముందు జిల్లా బాలల సంక్షేమ సమితి ఎదుటికి రావాలి. వయసు తెలియకపోతే వాళ్లు మనిషిని చూసి అంచనా కడతారు, లేదంటే ఎముకల పరీక్షకు పంపుతారు. ఆర్డర్లో "సుమారు పదకొండేళ్లు" అని ఉంటుంది. బడి రిజిస్టర్లో మాత్రం "సుమారు" రాయడానికి చోటు లేదు. ఎవరో ఒకరు ఒక జూన్ తేదీ వేస్తారు. అదే టెన్త్ మెమోలోకి ఎక్కుతుంది, ఆధార్‌లోకి ఎక్కుతుంది. పద్దెనిమిదేళ్లు నిండాయని హోం గేటు తెరిచేదీ ఆ తేదీ చూసే.

2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టంలో 94వ సెక్షన్ ఉంది. సమితి నమోదు చేసిన వయసునే ఈ చట్టం వరకు నిజమైన వయసుగా భావించాలంటుంది. నిజమని అనదు, నిజంగా భావించాలంటుంది. అదే చట్టంలో 74వ సెక్షన్ పిల్లల పేర్లు, ఆనవాళ్లు బయటపెట్టొద్దంటుంది. చట్టం చెప్పకపోయినా నేను రాయను.

2021 జూన్ 21, సోమవారం. ముందురోజే తెలంగాణలో లాక్‌డౌన్ ఎత్తేశారు. ఒక హోం నుంచి ఫోన్: "జూన్ అయిదుకే పద్దెనిమిది నిండినయ్ మేడం. కరోనా అని ఇన్ని రోజులు ఉంచినం." స్కూటీ మీద వెళ్లేసరికి ఆ పిల్ల గేటు బయట నిలబడి ఉంది. ఒక రెక్సిన్ సంచి. ప్లాస్టిక్ కవర్లో టెన్త్ మెమో, రద్దయిపోయిన ఇంటర్ పరీక్షల హాల్‌టికెట్. చున్నీ కింద దాచిపెట్టుకున్న స్టీలు పళ్లెం. పళ్లెం అంచున నెయిల్‌పాలిష్‌తో 31 అని రాసి ఉంది. "వార్డెన్ మేడంకు చెప్పకండక్కా, ఇది నాదే" అంది.

బయటికొచ్చే పిల్లలకు ఆర్థిక సాయం గురించి చెప్పేది 46వ సెక్షన్. అందులో "ఇవ్వవచ్చు" అని ఉంది, "ఇవ్వాలి" అని లేదు. ఆ ఒక్క క్రియాపదం చుట్టూ నేను ఎన్ని ఆఫీసుల మెట్లెక్కానో! ఆ సాయమైనా ఇరవై ఒకటి నిండేదాకా, మరీ తప్పనిసరైతే ఇరవై మూడు దాకా. 2022లో కేంద్ర పథకం మిషన్ వాత్సల్య వచ్చాక అది నెలకు నాలుగు వేలయింది. ఆ పిల్ల బయటికొచ్చేనాటికే అమీర్‌పేట లేడీస్ హాస్టల్లో మంచానికి ఆరు వేలు.

అందుకే ఆ పిల్లతో కలిపి ముగ్గురమ్మాయిలను బోరబండలో ఒక గదిలో పెట్టాం. రెండో రోజు పొద్దున ఏడింటికి ఆమె ఫోన్. "అక్కా, ఒక్క మనిషికి బియ్యం ఎంత పెట్టాలె?" నాకు ముందు అర్థం కాలేదు. ఆ పిల్ల ఏడేళ్లు హోంలో వంటావిడకు సాయం చేసింది. ఎనభై మందికి పప్పు వండడం తెలుసు. పది కిలోల ఉల్లిగడ్డలు కళ్లు తుడుచుకోకుండా తరగడం తెలుసు. తనొక్కదానికి, ఒక పూటకు, ఎంతో తెలియదు. గ్లాసు చూపించమన్నాను. వీడియో కాల్‌లో ఆ గ్లాసు ఎంతదో నాకూ అంచనా దొరకలేదు. "ముప్పావు గ్లాసు పెట్టు, రెండింతల నీళ్లు పొయ్యి" అన్నాను. ఆ నెలంతా రోజూ అన్నం మిగిలింది. పక్క గదిలో ఉన్న సెంట్రింగ్ పనివాళ్లు బాగా తిన్నారు.

ఈ పనిలో శిక్షణలు చాలా ఇస్తారు. బ్యాంకు ఖాతా, వ్యక్తిత్వ వికాసం, ఇంటర్వ్యూలో ఎలా కూర్చోవాలి. గ్లాసు బియ్యం సంగతి ఏ మాడ్యూల్లోనూ నాకు కనబడలేదు.

మగపిల్లలకు వేరే తంటా. ఒకబ్బాయికి సెల్ షాపులో పని దొరికింది, గది దొరకలేదు. కూకట్‌పల్లి వైపు ఒక ఇంటి ముందు ఇద్దరం నిలబడ్డాం. ఇంటామె అద్దె చెప్పింది, నీళ్లు ఎప్పుడొస్తాయో చెప్పింది, ఆఖర్న గొంతు తగ్గించి అడిగింది: "ఏమనుకోకండి, మీరేమిట్లు?" వాడు నా మొహం చూశాడు. కులం పేరు వాడికి ఎవరూ చెప్పలేదు, చెప్పేవాళ్లు ఎవరూ మిగల్లేదు. నేను ఠక్కున "బీసీ" అన్నాను. అబద్ధమేమీ కాదు. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఒక జీవో ఇచ్చింది. పదేళ్లు నిండకముందే తల్లిదండ్రులను పోగొట్టుకుని, చూసుకునే దిక్కులేక, ప్రభుత్వ లేదా గుర్తింపు పొందిన ఆశ్రమాల్లో చేరినవాళ్లు బీసీ-ఎ కిందికి వస్తారు. ఇంటామె "సరే మరి" అని తాళంచెవి ఇచ్చింది. వీధి చివరికొచ్చాక వాడు "అక్కా, మనమంతా ఒకటే కులమా అయితే?" అని నవ్వాడు. మనమంతా అంటే హోంలో పెరిగినవాళ్లంతా. ఆ నవ్వు ఎటువంటిదో ఇప్పటికీ నాకు తేలలేదు.

జూన్ అయిదు పిల్లకు ఈ జీవోయే అడ్డం తిరిగింది. 2022లో ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులో చేరేందుకు బీసీ-ఎ సర్టిఫికెట్‌కు అర్జీ పెట్టాం. నాన్న ఆమె చిన్నప్పుడే పోయాడు. అమ్మ 2014 ఫిబ్రవరిలో పోయింది. మరణ ధ్రువపత్రం సంపాదించడానికే నాకు నాలుగు నెలలు పట్టింది. ఆఫీసులో క్లర్క్ వేళ్ల మీద లెక్కపెట్టాడు. 2003 జూన్ నుంచి 2014 ఫిబ్రవరి. "పదేళ్ల ఎనిమిది నెలలు మేడం. రాదు." మర్యాదగానే చెప్పాడు. పైగా కుర్చీ చూపించి, మంచినీళ్లిప్పించాడు.

ఆ మరణ ధ్రువపత్రం కోసం తిరిగినప్పుడే చిన్నమ్మ ఉందని తెలిసింది. వాడపల్లికి దగ్గర్లో, కృష్ణ ఒడ్డు ఊరు. 2023 వేసవిలో ఇద్దరం మిర్యాలగూడ బస్సెక్కి వెళ్లాం. నేనొక తప్పు చేశాను. చిన్నమ్మతో ముందు నేనొక్కదాన్నే మాట్లాడి, తర్వాత పిల్లను తీసుకెళ్లాల్సింది. సంతోషం పట్టలేక ముందే చెప్పేశాను. బస్సులో దారిపొడుగునా ఆ పిల్ల జడ విప్పి మళ్లీ అల్లుకుంటూనే ఉంది.

చిన్నమ్మ పత్తి చేలోంచి వచ్చింది. పిల్లను చూసి ఏడ్చింది, అచ్చం అక్కలాగే ఉన్నావంది. ఎప్పుడు పుట్టిందో గుర్తుందా అని అడిగాను.

"యాదికుండకేం? పుష్కరాలప్పుడు. మా ఊరి పొంటి అన్నీ బస్సులే. అక్క నిండు చూలాలు, నీళ్లల్ల మునుగొద్దని మా అమ్మ ఇంట్లనే కూసోబెట్టింది. పుష్కరాలు ఒడిసినంక రెండొద్దులకో మూడొద్దులకో పుట్టింది. మంత్రసానే చేసింది."

కృష్ణ పుష్కరాలు 2004 ఆగస్టు చివర్లో మొదలై సెప్టెంబర్ మొదటి వారం దాటాక ముగిశాయి. తల్లి పోయేనాటికి ఈ పిల్లకు తొమ్మిదేళ్ల అయిదు నెలలు. నేను లెక్క కట్టుకుని లోపల్లోపల పొంగిపోతున్నాను, సర్టిఫికెట్ వచ్చేసినట్టే అని. ఆ పిల్ల వేరే ప్రశ్న అడిగింది.

"నన్నెందుకు ఉంచుకోలే చిన్నమ్మా?"

చిన్నమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "నాకెవరు చెప్పిండ్రు బిడ్డా? మేమప్పుడు గుంటూరు దిక్కు మిరపకాయ కోతకు పోయినం. వచ్చేసరికి నిన్ను పట్నం తోలిండ్రు అన్నరు. అడిగినోళ్లుంటే నేనే సాదుకుందు."

తెలంగాణలో "సాదుకునుడు" అంటాం. దత్తతకు హోమం, కాగితం ఉన్నాయి. సాదుకోవడానికి గిన్నెలో ఇంకో గరిటె పడితే చాలు. చట్టంలో 44వ సెక్షన్ కింద ఉన్న ఫాస్టర్ కేర్‌కు ఇంతకన్నా దగ్గరి మాట నాకు తట్టలేదు. అపార్ట్‌మెంట్ సంఘాల దగ్గరికెళ్లి ఫాస్టర్ కేర్ గురించి చెప్పినప్పుడల్లా ఈ మాటతోనే మొదలుపెడతాను. 2024 మార్గదర్శకాల ప్రకారం ఆరేళ్లు దాటిన పిల్లలను ఒంటరివాళ్లు కూడా పెంచుకోవచ్చు, రెండేళ్లు గడిచాక దత్తత కోరవచ్చు అని చెబుతాను. శ్రద్ధగా వింటారు. ఆఖర్న ఎవరో ఒకరు "చిన్నపిల్లలు లేరా, ఏడాది లోపు?" అంటారు. బంధువులే పెంచుతామంటే నెలనెలా సాయం ఇచ్చే స్పాన్సర్‌షిప్ వేరే ఉంది. 2014లో ఒక మనిషి ఆ ఊరికొచ్చి, కోతలు అయ్యేదాకా రెండు నెలలు ఆగి ఉంటే సరిపోయేది. సమితిని అనలేను. ఆ జిల్లా అంతటికీ తిరగాల్సిన సోషల్ వర్కర్లు ఎందరో నాకు తెలుసు.

సాయంత్రం బయల్దేరుతుంటే చిన్నమ్మ పిల్లకు బొట్టు పెట్టి, జాకెట్ ముక్క, రెండొందల నోటు చేతిలో పెట్టింది. ఇంట్లో పెళ్లీడుకొచ్చిన ఇద్దరు ఆడపిల్లలు గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. ఉండమని ఆమె అనలేదు. ఉంటానని ఈమె అడగలేదు.

బస్సులో నార్కట్‌పల్లి దాటేదాకా మాట్లాడలేదు. తర్వాత వేళ్లు ముడుస్తూ తెరుస్తూ లెక్కపెట్టుకుంది.

"అంటే గేటు కాడ నువ్వొచ్చిన నాడు నాకు పదహారేనా అక్కా?"

పదహారేళ్ల తొమ్మిది నెలలు. అవునన్నాను.

"మార్పిద్దాం లే" అని కూడా అన్నాను. అంత తేలిగ్గా అనాల్సింది కాదు. పంచాయతీలో జననం నమోదు కాలేదు, ఇంట్లో కాన్పు. ఇన్నేళ్ల తర్వాత నమోదు చేయాలంటే ఆర్డీఓ ఉత్తర్వు కావాలి. చిన్నమ్మతో అఫిడవిట్ వేయించాం. టెన్త్ మెమోలో వేరే తేదీ ఉంది కదా, ముందు దాన్ని మార్పించుకురండి అన్నారు. మెమో మార్చేచోటికి వెళితే ముందు జనన ధ్రువపత్రం తెమ్మన్నారు. సమితి దగ్గరికి వెళితే 94వ సెక్షన్ చూపించారు. బడి సర్టిఫికెట్ ఉంటే ముందు దాన్నే చూడాలని అక్కడ రాసి ఉంది. ఆ సర్టిఫికెట్లోని తేదీ ఎవరో జూన్‌లో అడ్మిషన్ కోసం వేసిందేనని అందరికీ తెలుసు. ఎవరూ కాదనరు కూడా.

కోర్సు ఫీజు చందాలతో కట్టాం. ఇప్పుడు ఒక డయాగ్నస్టిక్ సెంటర్లో రక్తనమూనాలు తీస్తోంది. పసిపిల్లల నరం దొరకకపోతే ఈమెనే పిలుస్తారట. స్టీలు పళ్లెం ఇంకా ఉంది, 31 మాత్రం చెరిగిపోయింది.

జూన్ అయిదున బ్యాంకు నుంచి ఆమెకు పుట్టినరోజు శుభాకాంక్షల మెసేజ్ వస్తుంది. సెప్టెంబర్ రెండో వారంలో నాకు ఫోన్ చేస్తుంది. తారీఖు ఖాయంగా తెలియదు కాబట్టి తనకు ఏ రోజు సెలవు దొరికితే ఆ రోజు. చిన్నమ్మ అఫిడవిట్‌తో పెట్టిన అర్జీ నంబరు నా డైరీ మొదటి పేజీలో ఉంది. దాని మీద ఇప్పటిదాకా ఏ ఉత్తర్వూ రాలేదు.