రానన్న మాటకు ఖరీదెంత?



నా దగ్గర డిగ్రీ చదివి ఇప్పుడు మాదాపూర్‌లో ఉద్యోగం చేస్తున్న ఒక అమ్మాయి మెసేజ్ పెట్టింది. "మేడమ్, శని, ఆదివారాలు టీమ్ బిల్డింగ్ అని రిసార్టుకు రమ్మంటున్నారు. రానంటే ఏమైనా అవుతుందా?"

ముందు చట్టం సంగతి. పని గంటల్లో జరిగే శిక్షణకు రానంటే కుదరదు. సెలవు రోజు ఆటపాటలు వేరు. ఫ్రాన్స్‌లో ఒక కంపెనీ, తన 'సరదా' సంస్కృతిలో కలవడం లేదన్నది కూడా ఒక కారణంగా చూపి ఒక ఉద్యోగిని తీసేసింది. కలవననడం అతని భావప్రకటనా స్వేచ్ఛ అని 2022లో అక్కడి అత్యున్నత న్యాయస్థానం తేల్చింది. మన నాసిక్‌లో, స్కూలు ప్రార్థనలో చేతులు జోడించలేదని ఒక టీచరుకు పై స్కేలు ఆపారు. అలా బలవంతపెట్టడానికి వీల్లేదని 2013లో బొంబాయి హైకోర్టు చెప్పింది. కానీ ప్రాథమిక హక్కులు ప్రధానంగా ప్రభుత్వాన్ని నిలదీయడానికి పనికొస్తాయి. ప్రైవేటు కంపెనీలో మేనేజర్ చేతిలో రేటింగ్ ఉంటుంది.

ఆ అమ్మాయి భయం వేరే. పోయినసారి ఒక ఆట ఆడించారట. ఒక్కొక్కరూ లేచి చిన్ననాటి సంగతి చెప్పాలి. ఒకతను తాతగారి మామిడితోట గురించి చెప్పాడు. అలాంటి తోటల్లోనే ఈమె తల్లి కూలికెళ్లింది. తన వంతు వస్తే ఏం చెప్పాలి? ఇంటిపేరు, ఊరు, వీధి, నాన్న చేసే పని... ఆట పేరుతో కులం కూపీ లాగడం మనకు తెలియనిదా?

నేను ఇదివరకు పనిచేసిన ఒక ప్రైవేటు కాలేజీలో దీని పేరు కార్తీక వనభోజనాలు. ఇంటి నుంచి ఒక్కొక్కరూ ఒక్కో వంటకం తేవాలి. మాసం చూసుకుని పులిహోరే చేసుకెళ్లాను. పక్కనున్న చక్రపొంగలి గిన్నె ఖాళీ అయింది. నా గిన్నె మూత తీసినవాళ్లు లేరు. "ఇవాళ నాకు ఉపవాసమండీ" అందొకావిడ, చేతిలో గారె పెట్టుకుని. సాయంత్రం బస్సు డ్రైవరు, క్లీనరు, నేను ఆ పులిహోర తిన్నాం. తర్వాతి ఆదివారం ఆ సహోద్యోగుల్లో చాలామంది ఎవరి కులసంఘం వనభోజనాలకు వాళ్లు వెళ్లారు.

మరుసటి ఏడు రానన్నాను. అప్రైజల్‌లో 'కలుపుగోలుతనం లేదు' అని రాశారు. చెల్లెలి పెళ్లిచూపులని మానేసిన ఇంకో లెక్చరర్‌కు ఆ మాట పడలేదు. వాళ్లు రాకపోతే పనుంది. మనం రాకపోతే పొగరు, లేదంటే ఆత్మన్యూనత. రానన్న మాట ఒకటే అయినా ఖరీదు కులాన్ని బట్టి మారుతుంది.

సహపంక్తి భోజనాలతో కులం చావలేదని అంబేద్కర్ 1936లోనే 'కుల నిర్మూలన'లో చెప్పారు. రెండు రోజుల రిసార్టుతో చస్తుందా?

ఆ అమ్మాయికి ఇలా రాశాను: "వెళ్లాలనిపిస్తే వెళ్లు, సరదాలో మన వాటా మనకుంది. వద్దనుకుంటే, వారాంతంలో నాకు వీలుపడదు అని మెయిల్లో ఒక్క వాక్యం రాయి. కారణాలు చెప్పుకోకు. ఆ మెయిలు, దానికి ముందూ వెనకా వచ్చిన రేటింగులు దాచుకో."

విద్యార్థి సంఘాల మిత్రులకు ఒక మాట. లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినడానికి 10 మంది, అంతకు మించి పనిచేసే ప్రతి సంస్థలో అంతర్గత కమిటీ ఉండాలని 2013 చట్టం చెబుతోంది. కుల వివక్ష ఫిర్యాదులకు ప్రైవేటు కంపెనీల్లో అలాంటి తప్పనిసరి కమిటీ లేదు. క్యాంపస్‌లో మన పిల్లలకు సంఘం ఉంది. గేటు దాటాక ఒక్కొక్కరూ ఒంటరిగా కొట్లాడుతున్నారు. ఆ కమిటీ కావాలన్న డిమాండు మన కరపత్రాల్లోకి ఎప్పుడొస్తుంది?

జై భీమ్.