కేకు కవ్వము

మజ్జిగ చిలుకుటకు కవ్వమును ఎన్నుకొనుట మన యిండ్లలో ఎవరును నేర్పనక్కరలేని విద్య. కుండ లోతెంత, పెరుగెంత, త్రాడు లాగు చేయి యెవరిది అని చూచి మన పెద్దలు కవ్వమును తెచ్చుకొనెడివారు. ఈ చిన్న సంగతిని మఱచి, విద్యుత్తుతో తిరుగు కవ్వము కొఱకు నేను పడిన తికమకను సోదరీమణులకు విన్నవించుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను. ఇంట కేకులు చేయువారికి ఇవి కొంత ఉపయోగపడునని నా యాశ.

మా ముస్తాబాదులో పుట్టినరోజునాడు కేకు కోయుట ఇప్పుడు కలవారి వేడుక మాత్రమే కాదు. బీడీలు చుట్టు తల్లులును, సాంచాలు నడుపు తండ్రులును తమ బిడ్డలకు ఆ ముచ్చట తీర్చుచున్నారు. కేకు మన దేశమునకు నిన్న మొన్న వచ్చినదియు కాదు. కేరళములోని తలశ్శేరిలో మాంబళ్లి బాపు అను రొట్టెల వ్యాపారి 1883వ సంవత్సరమున, ఒక దొర చూపిన మచ్చును బట్టి క్రిస్మసు కేకు చేసెనని ప్రసిద్ధి. నేను మాత్రము ఐదేండ్ల క్రిందట మా పిల్లల కొఱకు మొదలుపెట్టితిని. గ్రుడ్డు లేకుండ, పెరుగును వంటసోడాను చేర్చి చేసిన కేకును ఇరుగుపొరుగువారు మెచ్చుకొనిరి. పిమ్మట తమకును చేసి యిమ్మని అడుగసాగిరి. చేత పట్టుకొని త్రిప్పు చిన్న విద్యుత్కవ్వము ఒకటి నాకు ఉండెను. పలుచని పిండికి అది చాలుచుండెను.

గడచిన మార్గశిరమాసములో మా వీధిలోని బీడీలు చుట్టు తల్లి యొకతె తన కూతురి మొదటి పుట్టినరోజునకు 3 కిలోల కేకు కావలెనని వచ్చెను. నెలనెలకు దాచిన రూపాయలను ముందే నా చేతిలో పెట్టెను. పూలు చెక్కినట్లు నిలువవలెనని నేను వెన్నతో చిక్కని ఐసింగు తలపెట్టితిని. దానికి వెన్న ఒక పాలు, మెత్తని చక్కెరపొడి రెండు పాళ్లు. అర కిలో వెన్నను ఫ్రిజ్జులోనుండి తీసి, రాయివలె ఉండగనే గిన్నెలో వేసి, కిలో చక్కెరపొడిని పోసి, చిన్న కవ్వమును ఆపక త్రిప్పితిని. పావుగంట గడచునప్పటికి కాలిన వాసన వచ్చెను, పొగ లేచెను, యంత్రము నిలిచిపోయెను. అటుపిమ్మట అర్ధరాత్రము వఱకు చెక్క గరిటెతో కలిపితిని. అయినను ఐసింగు నునుపెక్కలేదు. చక్కెర గడ్డలు అట్లే నిలిచెను.

మఱునాడు ఆ తల్లి కేకును చూచి ఒక మాటయు అనలేదు. సగము రూకలు తిరిగి యీయబోగా పుచ్చుకొనలేదు. ఆమె ఊరకుండుటయే నన్ను ఎక్కువగా బాధించెను. ఎన్ని వేల బీడీలు చుట్టిన ఆ సొమ్ము చేరియుండునో! దానికి నేనిచ్చినది గడ్డలు కట్టిన కేకు. తరువాత నెల దినములు నా కుడి భుజము పైకి లేవలేదు. పాడైన యంత్రముతో వచ్చిన కాగితమును అప్పుడు తీసి చదివితిని. 5 నిమిషములు నడిపి 10 నిమిషములు ఆపవలెననియు, చిక్కని ముద్దలకు వాడరాదనియు అందులో స్పష్టముగా ఉన్నది. తప్పు యంత్రముది కాదు. చదువనేర్చియు చదువని నాది.

పీఠముపై నిలిచి తనంత తాను తిరుగు పెద్ద యంత్రమును కొందమని మా వారు అనిరి. విచారింపగా 6,000 రూపాయలు మొదలు 50,000 దాటిన వెలల వఱకు కనబడెను. ఇంటనున్నది చీటి ఎత్తిన సొమ్ము. అది పిల్లల చదువునకై ఉంచినది. చేతులుండగా యంత్రమేల, ఇక పెద్ద కేకులు మానెదనంటిని. మా అత్తగారు వాకిట కూర్చుండి అంతయు వినుచుండిరి. కోడలుగా వచ్చిన నాటినుండి తెల్లవారుజామున లేచి జొన్నలు, మక్కలు ఇసుర్రాతిలో విసరిన చేతులు ఆమెవి. ఇప్పుడు ఆ వ్రేళ్లు పూర్తిగా ముడుచుకొనవు. ఆమె నన్ను పిలిచి, "నా చేతులైతె ఇసుర్రాయికే పోయినయి బిడ్డా, నీయన్న దక్కించుకో," అనిరి. ఆ మాటకు నాయొద్ద ఉత్తరము లేకపోయెను. ఆడుదాని చేతి శ్రమకు ఇంటి లెక్కలో వెల కట్టకుండుట మనకు అలవాటు. ఆ లెక్క తప్పినదని ముందుగా తెలిసికొనవలసినది మనమే.

కొనుటకు నిశ్చయించితిమి. కాని దేనిని కొనవలెను? అంగడిలోని పెట్టెలపై 800 వాట్లని, 1,200 వాట్లని, 1,500 వాట్లని పెద్ద అక్షరములతో ఉన్నది. సంఖ్య పెరిగిన కొలది బలము పెరుగునని నేను తలచితిని. ఈ భ్రమను తీర్చినవాడు సిరిసిల్లలో సాంచాలు నడుపు మా పొరుగింటి ఆసామి. ఒక అశ్వశక్తి యనగా 746 వాట్లు. అతడు నవ్వి, "మా సాంచ మోటరు ఒక్క హార్సుపవరుదే వదినే, పొద్దుందాక నడుస్తది. ఈ డబ్బా మీద అంతకన్న ఎక్కువ రాసిండ్రు గని, అయిదు నిమిషాలకే ఆపమంటున్నరు. గట్టోడెవడో నువ్వే చెప్పు," అనెను.

పెట్టెమీది వాట్లు యంత్రము త్రాగు విద్యుత్తును తెలుపునే కాని, కవ్వమునకు చేరు బలమును తెలుపవు. త్రాగినదానిలో కొంత వేడిగాను, కొంత చప్పుడుగాను పోవును. మిగిలినది లోపలి పండ్ల చక్రముల గుండ వచ్చి కవ్వమును త్రిప్పును. అనేక యంత్రములలో మోటరును చల్లార్చు విసనకఱ్ఱయు ఆ మోటరుతోనే తిరుగును. చిక్కని ఐసింగునకు మెల్లగా నడిపినప్పుడు విసనకఱ్ఱ కూడ మెల్లగా తిరుగును. బరువు హెచ్చు, గాలి తక్కువ. కావున కాలుట సహజము. అడుగవలసిన ప్రశ్నలు వేఱు: ఒక్కమాఱు ఎంత పిండి వేయవచ్చును? ఆపకుండ ఎన్ని నిమిషములు నడుపవచ్చును? చక్రములు లోహపువా, ప్లాస్టిక్కువా? అరిగిన చక్రమునకు బదులు దొరకునా? కొన్ని యంత్రములలో, బరువు మించినప్పుడు మోటరు చెడకుండ ముందుగా విఱుగుటకే ఒక మెత్తని చక్రమును కావలెనని పెట్టుదురట. అది మోసము కాదు. బదులు దొరకనిచోట మాత్రము అది చిక్కే.

ఈ యంత్రము పుట్టుక కూడ బరువైన పిండినుండియే జరిగినది. 1908వ సంవత్సరమున అమెరికాలోని ఒహాయో రాష్ట్రమున హెర్బర్టు జాన్‌స్టన్ అను ఇంజనీరు, ఒక రొట్టెలవాడు ఇనుప గరిటెతో పిండి కలుపుచు పడు ప్రయాసను చూచి దీనికి పూనుకొనెనని చెప్పుదురు. మొదట చేసినవి రొట్టెల అంగళ్లకు తగిన పెద్దవి. ఇంటికి తగినది 1919లో వచ్చెను. దాని బరువు 65 పౌండ్లు, అనగా దాదాపు 30 కిలోలు! ఇంగ్లండులో కెన్నెత్ వుడ్ 1950లో తన యంత్రమును తెచ్చెను.

మంచి యంత్రములలో కవ్వము గిన్నె చుట్టును తిరుగుచు, దానికి ఎదురు దిక్కుగా తన చుట్టును తాను తిరుగును. దీనిని గ్రహగతి యనవచ్చును. అందుచే గిన్నెను త్రిప్పకయే ప్రతి మూలయు కలియును. ఇక రెండవ గుణము బరువు. పాలకడలిని చిలుకునప్పుడు మందరము బలమైనదే. క్రింద ఆధారము లేకపోగా మునిగెను, కూర్మము వచ్చి మోసినప్పుడు గాని నిలువలేదు. పీఠము తేలికయైన యంత్రము చిక్కని ముద్ద తగులగనే గట్టుమీద నడువసాగును. అంగడిలో దానిని ఎత్తి చూడుడు. ఎత్తుటకు కొంచెము కష్టముగా ఉన్నచో మంచిదే.

మధ్యలో రెండు సలహాలు వచ్చెను. అమెరికాలోనున్న మా చిన్నమ్మ కూతురు అచ్చటినుండి ఒకటి తెచ్చెదననెను. అచ్చటి విద్యుత్తు 120 వోల్టులు, 60 హెర్ట్జులు. మనది 230 వోల్టులు, 50 హెర్ట్జులు. ట్రాన్సుఫార్మరు పెట్టిన వోల్టులు తగ్గునే కాని హెర్ట్జులు మాఱవు. చెడినచో ఇచ్చట దిక్కెవరు? కావున వలదంటిని. ఇంటనున్న గ్రైండరు చాలదా యని ఇంకొక యక్క అడిగెను. 1955లో కోయంబత్తూరులో సభాపతి అను ఆయన రూపొందించిన ఆ రాతి యంత్రము దోసెపిండికి దైవమే. పిండిని నలుపును, కాని వెన్నలోనికి గాలిని చేర్చలేదు. కేకు పొంగుటకును, ఐసింగు తెల్లబడి తేలికయగుటకును ఆ గాలియే మూలము.

తుదకు కాగితముపై నా లెక్క వ్రాసికొంటిని. నేను చేయు మిక్కిలి బరువైన పని 3 కిలోల కేకునకు ఐసింగు. ఒక వాయికి ముద్ద కిలోన్నర. దానికి 5 లీటర్ల గిన్నె చాలును. అంతకంటె పెద్ద గిన్నెలో చిన్న కేకునకు కవ్వము అడుగును అందుకొనదు. లోహపు చక్రములును, గ్రహగతియు, బరువైన పీఠమును గలిగి, కరీంనగరములో బాగుచేయువారున్న ఒక నడిమి వెల యంత్రమును తెచ్చుకొంటిమి. పెట్టెపై దాని వాట్లు అన్నిటికంటె ఎక్కువవి కావు.

వాడుకలో నేను నేర్చినవి ఇవి. తీగల కవ్వము మీగడకును, గ్రుడ్డు తెల్లసొనకును మాత్రమే. చిక్కని ఐసింగులో తీగలు వంగును. దానికి బల్లపరుపు కవ్వమే తగినది. కొక్కెము రొట్టెపిండికి. వెన్నను ముందుగా బయటనుంచి, వ్రేలితో నొక్కిన గుంట పడునంత మెత్తబడనీయవలెను; కరగనీయరాదు. మన వేసవిలో అయిన ఆ పని తెల్లవారుజామున చేయవలెను. ముందు వెన్నను మాత్రమే త్రిప్పి, చక్కెరపొడిని నాలుగు మార్లుగా, మెల్లని వేగముతో చేర్చవలెను; గిన్నెపై తడిగుడ్డ కప్పిన పొడి ఎగురదు. గిన్నె అడుగున ఒక నాణెమునుంచి ఖాళీగా, మెల్లగా త్రిప్పి చూడవలెను. కవ్వము నాణెమును కొద్దిగా మాత్రమే కదల్చిన ఎత్తు సరిగా ఉన్నట్లు. నడుమ నడుమ మోటరుపై చేయి పెట్టి చూచి, వేడియెక్కినచో ఆపవలెను.

ఆ పాప రెండవ పుట్టినరోజునకు ఆ తల్లిని నేనే పిలిచి కేకు చేసితిని. కలుపుట ఆపుచు ఆపుచు పావుగంటలో ముగిసెను. ఐసింగు మీగడవలె నునుపుగా నిలిచెను. ఈసారి రూకలు వలదంటిని. పోయినసారివి యింకను నాయొద్దనే ఉన్నవంటిని. ఆమె వ్రేలితో కొంచెము తీసి పాప నోట పెట్టి, నవ్వెను.

సంక్రాంతికి సకినాల పిండి కలుపునప్పుడు మా అత్తగారిని, దీనిని కూడ యంత్రములో వేయుదమా యని పరిహాసముగా అడిగితిని. ఆమె తల అడ్డముగా ఊపి, ఆ పిండి తడి చేతికే తెలియుననిరి. సకినములు చుట్టుట మాత్రము ఇప్పటికిని మేమిద్దరము నేలపై తెల్లని గుడ్డ పఱచుకొని, చేతులతోనే చేసికొనుచున్నాము.