పాత గిటారు

పాత వస్తువును కొనడం ఒక విద్య. కొత్త వస్తువుకు దుకాణదారుడు హామీ ఇస్తాడు. పాత వస్తువుకు కొనేవాడి కన్ను, చెవి, చేయి తప్ప వేరే హామీ ఉండదు. అయితే ఆ విద్యలో పరీక్షకు మించిన పాఠం మరొకటి ఉందని అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో ఒక తెలుగు యువకుడు ఒకనాడు గ్రహించాడు.

అతడు ఎడిసన్‌లో ఉద్యోగి. బాల్యంలో అమ్మమ్మ దగ్గర వీణ నేర్చినవాడు. సముద్రతీరపు చిన్న ఊరిలో ఒక వృద్ధుడు తన పాత ఎలక్ట్రిక్ గిటారును 150 డాలర్లకు అమ్మదలచాడని తెలిసి, ఒక శనివారం ఉదయం 200 డాలర్లు జేబులో ఉంచుకొని బయలుదేరాడు.

అది సియర్స్ సంస్థ సిల్వర్‌టోన్ పేరుతో విక్రయించిన గిటారు. దానిని తయారుచేసింది అదే రాష్ట్రంలోని నెప్ట్యూన్‌లో ఉండిన డానెలెక్ట్రో కర్మాగారం. 1947లో నేథన్ డేనియల్ నెలకొల్పిన ఆ సంస్థ చవకైన సామగ్రితో చక్కని నాదం పలికించడంలో నేర్పరి. చెక్క చట్రానికి ముందు వెనుకల అదిమిన చెక్కనార పలకలు అతికించేవారు. తీగల కంపనాన్ని విద్యుత్తుగా మార్చే పికప్‌ను లిప్‌స్టిక్ గొట్టంలో అమర్చేవారు. 1962లో వచ్చిన నమూనాకు గిటారు పెట్టెలోనే ఆంప్లిఫైయరు కూడా ఉండేది. అన్నీ కలిపి వెల 70 డాలర్ల లోపే. 1969లో కర్మాగారం మూతపడింది. నాటి చవక గిటారుకు నేడు వందల డాలర్లు పలుకుతున్నాయి.

యువకుడు పరీక్ష ఆరంభించాడు. గిటారును కంటి ఎత్తుకు లేపి, అమ్మమ్మ వీణ దండిని చూసినట్లే, దాని మెడ వెంట చూపు సారించాడు. ఆ మెడలో ఉక్కు కడ్డీ ఉన్నా, వంపును సరిచేసే మర లేదు. వంగితే బాగుచేయడం కష్టం. అదృష్టవశాత్తు అది తిన్నగా ఉంది. బిరడలు ఒక్కొక్కటే తిప్పాడు, ఒకటి జారుతోంది. వెంట తెచ్చిన బ్యాటరీ ఆంప్లిఫైయరుకు తగిలించి ప్రతి మెట్టు మీద ప్రతి తీగను మీటాడు. నాదం స్వచ్ఛంగా ఉంది. ధ్వని పెంచే మీట మాత్రం గరగరలాడింది. దోషాలన్నింటినీ అతడు మనసులో లెక్కవేసుకున్నాడు. ధర తగ్గించడానికి అవే ఆయుధాలు కదా!

ఒక వింత అతని కంటబడింది. మొదటి మూడు మెట్లు బాగా అరిగిపోయాయి. పై మెట్లు కొత్తవాటిలా మెరుస్తున్నాయి. కారణమడిగాడు.

వృద్ధుడు నవ్వాడు. “ఇంటింటికీ పత్రికలు వేసి కూడబెట్టిన డబ్బుతో 1963లో కొన్నాను. నేర్పేవారు లేరు. నాకు వచ్చిన పాటలన్నీ ఆ మూడు మెట్లలోనే ఉన్నాయి. ఇప్పుడు వేళ్లు వంగడం లేదు” అన్నాడు. మరుక్షణమే, “అబ్బాయీ, ఆ పెట్టెలోని ఆంప్లిఫైయరును మాత్రం ప్లగ్గులో పెట్టకు. రెండు పిన్నులే, ఎర్తు లేదు. ఒకసారి నాకు షాక్ కొట్టింది. తెలిసినవాడి చేత బాగుచేయించాకే వాడు” అని హెచ్చరించాడు.

చెప్పకపోయినా అడిగేవారు లేరు. అయినా ఆయన చెప్పాడు. యువకుడి లెక్క తారుమారైంది. తనకు తెలిసి ఆయనకు తెలియని సంగతి ఒకటుంది. అది దాచితే తనకు లాభం. కొంతసేపు అతడు మౌనంగా నిలిచాడు.

“అయ్యా, మీరడిగిన ధర చాలా తక్కువ. వర్తకుడికి చూపితే రెట్టింపుకు పైగా ఇస్తాడు” అన్నాడు చివరకు.

వృద్ధుడు గిటారు వైపు చూశాడు. “వర్తకుడు మెడ చూస్తాడేమో గాని, మెట్లెందుకు అరిగాయని అడగడు. 250 ఇవ్వు” అన్నాడు.

“నా దగ్గర 200 మాత్రమే ఉన్నాయి.”

“మిగిలినవి తరువాత తెచ్చివ్వు. వచ్చేటప్పుడు గిటారు కూడా తీసుకురా. ఆ పై మెట్లు ఎలా పలుకుతాయో ఒక్కసారి వినాలని ఉంది.”

వస్తువు దోషాలను కనిపెట్టడానికి కన్ను చాలు. ఎదుటివాడి అజ్ఞానాన్ని మన లాభంగా మార్చుకోకుండా ఉండటానికి మనసు కావాలి. ఆ నాడు గిటారుతో పాటు కొనేవాడు, అమ్మేవాడు కూడా పరీక్షకు నిలిచారు.